పిడికెడు బియ్యము, నెలకొక షిల్లింగు



కాలువ గట్టుననున్న ఏదో యొక క్రైస్తవ పేటలో, తెల్లవారక మునుపే పొయ్యి ముట్టించిన ఇల్లు నీవు చూచియుందువు. ఎసరు కాగుచుండును. తల్లి చేటలోని బియ్యములో రాళ్లేరి, ఎసటిలో పోయుటకు ముందు ఒక పిడికెడు తీసి గోడవారనున్న డబ్బాలో వేయును. ఆ పూట ఇంటిలో కుంచెడు బియ్యమున్నను సోలెడే యున్నను ఆ పిడికెడు తప్పదు. ఆదివారమున ఆ డబ్బా ఆమె చేత మందిరమునకు వచ్చును. కోతల పండుగనాడు దానితోబాటు వరి కంకులు, గుమ్మడికాయలు, గ్రుడ్లు, కోడిపుంజులు వచ్చి, ఆరాధన ముగిసిన పిమ్మట వేలము జరుగును. పుంజు వేలములో దాని వెలకు మూడింతలు పలుకుట, పాడినవాడు దానిని మరల కానుకగా ఇచ్చివేయుట, పిల్లలు నవ్వుట, ఇవన్నియు నీవెరిగినవే.

ఎంతో అలవాటైన దృశ్యమగుటచేత దాని వెనుకనున్న ప్రశ్నను మనము గమనింపము. లోకము బీదవానిని పుచ్చుకొనువానిగానే చూచును. ఇచ్చువారు వేరు, పుచ్చుకొనువారు వేరు అని తలంచును. కాని ఆ డబ్బా మోసికొని వచ్చునది కూలి చేసికొను స్త్రీ. ఆమె పుచ్చుకొనుటకు రాలేదు, ఇచ్చుటకు వచ్చినది. ఇట్టివారి పిడికిళ్లు కూడి ఒక జాతిని లేవనెత్తగలవా? లేవనెత్తిన యెడల, ఆ డబ్బాను ఎవరు మోయవలెను, ఎవరు లెక్క చూడవలెను? నేడు నీతో ఆలోచింపదలచినది ఇదియే.

మన డెల్టాతోనే ఆరంభింతము. 1836లో విలియమ్ బౌడెన్, జార్జి బీర్ అనువారు తమ భార్యలతో ఇంగ్లండు నుండి వచ్చి నరసాపురమున నిలిచిరి. 1847 మొదలు 1852 వరకు ఆర్థర్ కాటన్ దొర ధవళేశ్వరము వద్ద గోదావరికి ఆనకట్ట కట్టించెను. వేలకొలది కూలివారు రాళ్లు మోసిరి, మట్టి త్రవ్విరి. వారిలో మాల మాదిగ పేటలవారు అనేకులు. సువార్త వినిన మొదటివారిలో ఈ పనివారును ఉండిరి. ఆనకట్ట ముగిసెను, కాలువలు పారెను, డెల్టాకు అన్నపూర్ణ యని పేరు వచ్చెను. అయితే తట్టలు మోసినవారిలో అత్యధికులకు ఆ నేలలో తమదనుకొనుటకు ఒక మడియైనను దక్కలేదు. వారు పాలేర్లుగాను కూలివారుగాను మిగిలిరి. పిడికెడు బియ్యము అట్టివారి ఇండ్లలోనుండి వచ్చినది. అది తిని మిగిలినది కాదు, తినుటకు ముందు తీసినది.

ఇప్పుడు కాకినాడ రేవునకు పోదము. 1861 నుండి 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధము జరిగెను. దక్షిణ రాష్ట్రములలో నల్లజాతి బానిసలు ఏరిన పత్తి ఇంగ్లండు మిల్లులకు చేరుట ఆగిపోయెను. మిల్లువారు మన దేశపు పత్తి కొరకు ఎగబడిరి. కాకినాడ రేవు నుండి బేళ్లు ఓడలెక్కెను, రేవు వర్ధిల్లెను. ఆ పత్తికి వర్తకుల నోట కాకినాడ పేరే స్థిరపడెను. చూచితివా చదువరీ, ఆ జనమునకును మన తీరమునకును ముడి ఎప్పుడు పడినదో! ఒకరి మెడలోని సంకెల తెగుచుండగా, మరియొకరి రేవులో డబ్బు గలగలలాడెను.

ఆ కాకినాడలోనే తంతి కచేరీ ఉద్యోగియైన థామస్ గాబ్రియేలు అను తెలుగు క్రైస్తవుడుండెను. అతడు జీతము వచ్చు ఉద్యోగమును విడిచి, ఏ విదేశ సంఘపు అండయు లేకుండ, అంటరానివారని త్రోసివేయబడిన పేటలలో పనిచేయ మొదలుపెట్టెను. తోడి పనివారిని పోషించుటకై వ్యాపారము పెట్టెను. వ్యాపారము దెబ్బతినెను, అప్పులు పెరిగెను. తుదకు అతడు కెనడా బాప్తిస్టులను వేడుకొనగా, 1874 మార్చిలో జాన్ మెక్లారెన్ దొర కాకినాడకు వచ్చి ఆ భారమును చేపట్టెను. 1875 ఆరంభముననే గాబ్రియేలు కన్నుమూసెను. కాకినాడ మిషను చరిత్రను మెక్లారెన్ రాకతో మొదలుపెట్టుట వాడుక. కాని దాని పునాదిలో ఒక తెలుగువాని జీతమును అప్పును కలవు.

గాబ్రియేలులో ప్రేమ కొరతపడలేదు, ధైర్యము కొరతపడలేదు. మరి ఏమి కొరతపడెను? భారమంతయు ఒక్క భుజము మీద పడెను. ఒకని వ్యాపారము మునిగిన యెడల పని యంతయు మునుగునట్లుండెను. దూరదేశమందు మరియొక త్రోయబడిన జనము ఈ భారమును వేరొక విధముగా పంచుకొనెను. వారి సంగతి వినుము.

1787 ఏప్రిలు 12న ఫిలడెల్ఫియా నగరమున రిచర్డ్ ఆలెన్, అబ్సలోము జోన్స్ అను ఇరువురు నల్లజాతివారు, కొందరు స్నేహితులతో కూడి, స్వేచ్ఛా ఆఫ్రికా సంఘమును స్థాపించిరి. ఇరువురును దాస్యమున పుట్టినవారే. సంఘపు నియమము మిక్కిలి తేటయైనది. ప్రతి సభ్యుడును నెలకొక వెండి షిల్లింగు కట్టవలెను. ఒక సంవత్సరము కట్టిన పిమ్మట, సభ్యులలో అక్కరపడిన వానికి వారమునకు 3 షిల్లింగుల 9 పెన్నీలు ఇయ్యబడును. సభ్యుడు చనిపోయిన యెడల విధవను, పిల్లల చదువును సంఘమే చూచుకొనును. ఏ ధనవంతుని వాకిటను నిలువబడ నక్కరలేదు. ఇచ్చువాడును వాడే, అక్కరపడినప్పుడు పుచ్చుకొనువాడును వాడే.

1793లో ఆ నగరమునకు పచ్చజ్వరము వచ్చెను. కొన్ని నెలలలో సుమారు 5,000 మంది చనిపోయిరి. నల్లవారికి ఈ జ్వరము అంటదని ఒక ప్రసిద్ధ వైద్యుడు పొరబడి, రోగులకు పరిచర్య చేయుడని వారిని కోరెను. ఆలెన్, జోన్స్ తమవారిని కూర్చుకొని ఇల్లిల్లు తిరిగిరి. అయినవారే విడిచి పారిపోయిన రోగుల నోట నీరు పోసిరి, శవములను పూడ్చిరి. జ్వరము వారికిని అంటెను, వారిలోను అనేకులు చనిపోయిరి. తెగులు తగ్గిన పిమ్మట వచ్చిన బహుమానమేమి? నల్లవారు ఆపదను ఆసరా చేసికొని డబ్బు గుంజిరని ఒక ప్రచురణకర్త అచ్చువేసెను.

వారు 1794లో దానికొక చిన్న పుస్తకముతో జవాబిచ్చిరి. అందులో తమ లెక్కలు పెట్టిరి. చేతికి వచ్చినది 233 పౌండ్ల 10 షిల్లింగుల 4 పెన్నీలు. శవపేటికలకును కూలివారికిని అయినది 411 పౌండ్లు. అనగా 177 పౌండ్లకు పైగా తమ చేతి సొమ్మే పోయినది. చదువరీ, ఇది గురుతుంచుకొనుము. బీదల నిధికి మొదటి కోట తెరచిన లెక్క పుస్తకమే. అది ఉన్నందుననే ఆ నింద నేటికి నిలువలేదు.

లెక్క పరుల చేతిలోనున్న యెడల ఏమగునో కూడ వారి చరిత్రయే చూపును. యుద్ధము ముగియవచ్చిన 1865 మార్చి 3న, అధ్యక్షుడు లింకను సంతకముతో, విడుదలైన దాసుల కొరకు ఒక పొదుపు బ్యాంకు ఏర్పడెను. చాకలి స్త్రీలు, సైనికులు, కూలివారు అందులో దాచుకొనిరి. ఆరంభమున ధర్మకర్తలందరును తెల్లవారే. కొన్ని ఏండ్లకు వారు ఆ సొమ్మును తమకు తెలిసిన వర్తకులకు, జూదమువంటి వ్యాపారములకు అప్పులిచ్చిరి. 1873లో మార్కెట్టు కూలెను. 1874 మార్చిలో, మెక్లారెన్ కాకినాడ చేరిన ఆ నెలలోనే, ఫ్రెడరిక్ డగ్లస్ అను నల్లజాతి నాయకుని పిలిచి బ్యాంకుకు అధ్యక్షుని చేసిరి. అతడు తన సొంత సొమ్ము 10,000 డాలర్లు వేసి నిలబెట్టజూచెను. కాని లోపల అంతయు బోలుగానుండెను. జూన్ 29న తలుపులు మూయబడెను. 61,000 మందికి పైగా దాచుకొన్నవారు, దాదాపు 30 లక్షల డాలర్లు. కొందరికి కొంత భాగము ఆలస్యముగా వచ్చెను. అనేకులకు ఏమియు రాలేదు. డబ్బు పోయిన నష్టము కొన్నాళ్లకు తీరవచ్చును. నమ్మకము పోయిన నష్టము తరతరములు వెంటాడెను.

అయినను వారు డబ్బా పగులగొట్టుకొని కూర్చుండలేదు. రిచ్మండు పట్టణమున మ్యాగీ లీనా వాకర్ అను స్త్రీ యుండెను. ఆమె తల్లి ఊరివారి బట్టలుతికి పిల్లలను పెంచినది. ఉతికిన బట్టల మూటలను ఇల్లిల్లు చేర్చిన పిల్ల ఈ మ్యాగీ. సెయింట్ ల్యూక్ పరస్పర సహాయ సంఘపు బాధ్యత 1899లో ఆమె చేతికి వచ్చునప్పటికి ఖజానాలో నున్నది 31 డాలర్ల 61 సెంట్లు. 1903లో ఆమె ఆ సంఘము పక్షమున పెన్నీల పొదుపు బ్యాంకును తెరచెను. తెరచిన దినమున ఒకరు 31 సెంట్లు మాత్రమే తెచ్చి ఖాతా పెట్టుకొనిరి. ఆ చిల్లర పైసలే కూడి నల్లజాతి కుటుంబములు వందల ఇండ్లు కొనుటకు అప్పులుగా మారెను. 1930 ప్రాంతపు మహా మాంద్యములో అనేక బ్యాంకులు కూలగా, ఇది ఇరుగుపొరుగు నల్లజాతి బ్యాంకులతో కలిసి నిలిచెను. 1874లో కూలినదియు బీదల సొమ్మే, 1903లో నిలిచినదియు బీదల సొమ్మే. ఈ రెండవసారి తాళపుచెవి దాచుకొన్నవారి వద్దనే యుండెను.

ఆరోగ్యము సంగతియు అట్లే. చికాగోలో ఎమ్మా రేనాల్డ్స్ అను యువతి నర్సు చదువు కోరగా, నల్లపిల్ల యని పాఠశాలలు నిరాకరించెను. ఆమె అన్నదమ్ములలో ఒకడైన సంఘ కాపరి, డాక్టరు డేనియల్ హేల్ విలియమ్స్ వద్దకు పోయి మొరపెట్టెను. ఒక పిల్లను ఒక బడిలో చేర్పించుటకు ప్రాధేయపడుటకంటె, అందరికి తలుపు తెరచు ఆసుపత్రియే కట్టుదమని ఆ వైద్యుడు తలంచెను. 1891లో 12 పడకలతో ప్రావిడెంట్ ఆసుపత్రి, దానితో నర్సుల పాఠశాల వెలసెను. నల్లజాతి కుటుంబములు తమ కొద్దిపాటి సొమ్మును, దుప్పట్లను, సబ్బును, పంచదారను తెచ్చి యిచ్చిరి. ధనికులైన తెల్లవారును ఇచ్చిరి. 1893లో, కత్తిపోటు తగిలిన ఒకని రొమ్ము తెరచి గుండె పైపొరను కుట్టి బ్రతికించిన శస్త్రచికిత్స ఆ ఆసుపత్రిలోనే జరిగెను. దానిని చేసినవాడు ఆ విలియమ్సే.

పరుల సహాయము వద్దని నేను చెప్పుచున్నానా? లేదు. జూలియస్ రోజెన్వాల్డ్ అను యూదు వర్తకుడు, బుకర్ టి. వాషింగ్టను సలహాతో, 1912 నుండి 1932 వరకు దక్షిణ రాష్ట్రములలో నల్లజాతి పిల్లలకు బడులు కట్టించుటకు సహాయము చేసెను. బడులు, ఉపాధ్యాయుల ఇండ్లు, పనిశాలలు కలిసి 5,000 దాటెను. అయితే అతడు ఊరివారు తమ భాగము వేయనిదే తన భాగము వేయలేదు. ప్రజలు కలప నరికిరి, ఇటుకలు మోసిరి, బడి పేరిట ఒక మడి విడిచి పత్తి పండించి అమ్మిరి. తుదకు లెక్క చూడగా రోజెన్వాల్డ్ నిధి ఇచ్చినది సుమారు 43 లక్షల డాలర్లు, ఆ బీద నల్లవారు ఇచ్చినది 47 లక్షలకు పైగా. దాత పేరు బడికి నిలిచెను, పెద్ద కానుక మాత్రము పేరు లేనివారిది. ఒకప్పుడు యజమానుని కొరకు పత్తి ఏరిన చేతులే ఇప్పుడు పిల్లల పలకల కొరకు పత్తి ఏరెను.

ఇవి మనకు పరాయి కథలని తలంపకుము. జ్యోతిరావు ఫూలే 1873లో వెలువరించిన తన ‘గులాంగిరి’ గ్రంథమును, దాసులను విడిపించిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చెను. 1946లో డాక్టరు అంబేద్కరు, నల్లజాతి పండితుడగు డుబోయిసునకు జాబు వ్రాసి, మీ స్థితికిని మా స్థితికిని పోలిక యున్నదని తెలిపెను. తెలుగు నేలలో భాగ్యరెడ్డి వర్మ 1906లో హైదరాబాదున జగన్మిత్ర మండలిని స్థాపించి, 1910 నుండి అంటరానివారనబడిన పిల్లలకు బడులు పెట్టెను. అవి క్రమముగా 26 బడులయ్యెను. 1917లో విజయవాడ సభకు అధ్యక్షుడై, పంచములను పేరు త్రోసి ఆది ఆంధ్రులను పేరు నిలిపినవారిలో ఆయన ముఖ్యుడు. పశ్చిమ ఆఫ్రికాలోను వెస్టిండీసులోను పదిమంది కూడి వంతులవారీగా సొమ్ము ఎత్తుకొను ‘సూసూ’, మన ఊరి చీటీకి సోదరియే. 1990ల ఆరంభమున నెల్లూరు జిల్లాలో సారాను తరిమిన స్త్రీలు రోజుకొక రూపాయి పొదుపు మొదలుపెట్టిరి. నెలకొక షిల్లింగు కట్టిన ఆ ఫిలడెల్ఫియా వారు దీనిని చూచినయెడల, ఇది మా పనియే యని గుర్తుపట్టియుందురు.

మన డెల్టాలోనే ఒక హెచ్చరికయు కలదు. నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో పందొమ్మిదవ శతాబ్దమున మిషనరీలు బీద క్రైస్తవ స్త్రీలకు లేసు అల్లిక నేర్పిరి. ఉద్దేశము మంచిది, పని చక్కనిది. లక్షమంది స్త్రీల వేళ్లకు అది అలవడెను, విదేశములకు పోయెను. కాని దారము ఇచ్చువాడు, వెల కట్టువాడు, ఓడకెక్కించువాడు వేరైరి. మారియా మీస్ అను జర్మను పండితురాలు ఆ స్త్రీల మధ్య నుండి పరిశీలించి 1982లో వ్రాసిన గ్రంథములో, దినమంతయు అల్లినను వారికి కనీస కూలియైనను దక్కుటలేదని చూపెను. 2024లో నరసాపురపు లేసునకు భౌగోళిక గుర్తింపు లభించెను, సంతోషమే. అయితే సూది ఆమె చేతిలోనుండి, లెక్క పుస్తకము మరియొకరి చేతిలోనున్నంత కాలము, గుర్తింపు ఊరికి వచ్చును గాని కూడు ఆమె ఇంటికి రాదు.

కాబట్టి చదువరీ, వచ్చే ఆదివారము నీ సంఘపు డబ్బా ముందు నిలిచి మూడు ప్రశ్నలు వేసికొనుము. మొదటిది, ఇందులో వేసినవారెవరు? రెండవది, దీని లెక్కను వారు వినునట్లు చదువుచున్నామా? మూడవది, దీనిని దేనికి వాడవలెనో చెప్పు కూటములో, ఆ బియ్యము వేసిన స్త్రీకి కూర్చుండ చోటున్నదా? విదేశ మిషనుల సొమ్ముతో లేచిన బడులును ఆసుపత్రులును ఎన్నో ఆ సొమ్ము తగ్గగానే నీరసించుట మనము చూచితిమి. అవి కట్టినవారి ప్రేమను నేను తక్కువ చేయను. కాని మనము వాటిని ‘దొరల ఆసుపత్రి’, ‘దొరల బడి’ అని పిలిచినంత కాలము అవి మనవి కాలేదు. పేటలో ఒక పిల్ల నర్సు చదువు ఆగిపోవునప్పుడు, ఒక విధవ వైద్యమునకు వడ్డీకి అప్పు తెచ్చుకొనునప్పుడు, మన డబ్బా ఎక్కడనున్నది? గోడకు సున్నము వేయుటకే అది ఖర్చగుచున్న యెడల, పిడికెడు వేసిన తల్లికి మనము జవాబు చెప్పవలసియున్నది.

ముగింపునకు ముందు ఒక్క సంగతి. అమెరికాలో హాటీస్బర్గు అను ఊరిలో ఆసియోలా మెకార్టీ అను నల్లజాతి స్త్రీ యుండెను. ఆరవ తరగతిలో చదువు మాని, డెబ్బదియైదేండ్లకు పైగా ఇతరుల బట్టలుతికి బ్రతికెను. 1995లో ఆమె, తాను దాచిన దానిలోనుండి 1,50,000 డాలర్లను, తాను అడుగుపెట్టి చదువని తన ఊరి విశ్వవిద్యాలయమునకు, బీద పిల్లల చదువు కొరకు వ్రాసియిచ్చెను. లోకము ఆశ్చర్యపడెను. నీవాశ్చర్యపడవలదు. విధవరాలి రెండు కాసుల కథ చిన్ననాటి నుండి వినినవారమే మనము. మెకార్టీ వంటి స్త్రీలు మన పేటలలోను కలరు. వారి బ్యాంకు గోడవారనున్న డబ్బా.

రేపు ప్రొద్దున ఎసరు కాగునప్పుడు ఆ తల్లి చేయి మరల డబ్బా వైపు పోవును. ఆ పిడికిలి తెరచుకొనుటకు మనము నేర్పనక్కరలేదు, అది తరములుగా తెరచియే యున్నది. తెరువవలసినది మన లెక్క పుస్తకము. ఆమెకు ఇయ్యవలసినది మన వరుసలో ఒక కుర్చీ.